సఖీర్ కబుర్లు: సేవకీ ఓ చదువుంది

 

చలికాలం వచ్చిందంటే మా సఖీర్‌కి ఎక్కడలేని కళ వచ్చేస్తుంది. ఇసుకలో వరసగా గుడారాలు వెలుస్తాయి. రాత్రిపూట మంటల చుట్టూ కుటుంబాలు చేరతాయి. కార్ల పందేల రోజులొస్తే ఇక చెప్పనక్కర్లేదు. 2004లో ఇక్కడ మొదటి ఫార్ములా వన్ పోటీ జరిగిన దగ్గర్నుంచి సఖీర్ అనగానే లోకమంతటికీ ఆ ట్రాకే గుర్తొస్తుంది. కానీ ఇటువైపు రోజూ రాకపోకలు సాగించే నాలాంటి వాళ్ళకి సఖీర్ అంటే ముందు గుర్తొచ్చేది పుస్తకాల సంచులతో పరుగులు తీసే పిల్లలు. 1986లో ఏర్పడిన బహ్రెయిన్ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది కదా!

రోజూ ఆ పిల్లల్ని చూస్తుంటాను కాబట్టో ఏమో, ఈ శీర్షికకి వచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా చదువుల గురించే ఉంటాయి. ఏ కోర్సు చేస్తే ఏ ఉద్యోగం, ఏ ఊళ్ళో సీటు తేలిక, ఫీజు ఎన్ని దీనార్లు, తిరిగి రావడానికి ఎన్నేళ్ళు... ఇవీ మామూలుగా అడిగేవి. ఈసారి మాత్రం ఒక కొత్త ప్రశ్న వచ్చింది. దాని గురించే ఈ కబుర్లు.

మాకు బాగా తెలిసిన కుటుంబమే. అమ్మాయి పన్నెండో తరగతి పూర్తి చేసింది. లెక్కల్లో మంచి మార్కులు. మేనమామ అమెరికాలో ఉన్నాడు. ఇంకేం, కంప్యూటర్ సైన్స్‌కి పంపించేద్దామని తండ్రి లెక్కలన్నీ వేసుకుని కూర్చున్నాడు. అమ్మాయేమో, "నేను కమ్యూనిటీ కాలేజీలో హ్యూమన్ సర్వీసెస్ చదువుతాను" అంది. ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు తండ్రి నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, మీరు పెళ్ళికి ముందు విశాఖలో సోషల్ వర్క్ చదివారు కదా, మీరైనా దానికి చెప్పండి. సేవ చెయ్యాలంటే చెయ్యమనండి, నేనెప్పుడైనా కాదన్నానా? దానికి డిగ్రీ ఎందుకు? అన్నం పెట్టడానికి కోర్సు చెయ్యాలా?"

ప్రశ్న మంచిదే. వెటకారంగా తీసుకోలేదు నేను. మనలో చాలామందికి ఉన్న సందేహమే అది. మానవసేవే మాధవసేవ అని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగిన వాళ్ళం. సేవ అంటే మనసుంటే చాలు, మరీ అవసరమైతే జేబులో నాలుగు డబ్బులుంటే చాలు అనుకుంటాం. మరి రెండేళ్ళు కూర్చుని ఏం చదువుతారు?

ముందు ఆ చదువు సంగతి చెబుతాను.

కమ్యూనిటీ కాలేజీ అంటే

అమెరికాలో మొదటి ప్రభుత్వ రెండేళ్ళ కాలేజీ 1901లో షికాగోకి దగ్గరలోని జోలియెట్ అనే ఊళ్ళో మొదలైంది. అప్పట్లో దాన్ని జూనియర్ కాలేజీ అనేవారు. పెద్ద యూనివర్సిటీకి వెళ్ళే స్తోమతు లేని వాళ్ళు, పొద్దున పనికెళ్ళి సాయంత్రం చదువుకునే వాళ్ళు, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ పుస్తకం పట్టిన తల్లులు, అందరికీ ఊళ్ళోనే దొరికే చదువు ఇది. మనింటి పక్కనే ఉండే కాలేజీ అన్నమాట. రెండేళ్ళు చదివి, సుమారు 60 క్రెడిట్లు పూర్తి చేస్తే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. దాంతో చిన్న ఉద్యోగంలో చేరవచ్చు. లేదా ఆ క్రెడిట్లు పట్టుకుని నాలుగేళ్ళ కాలేజీలో మూడో ఏడాదిలో చేరవచ్చు.

హ్యూమన్ సర్వీసెస్ అన్న కోర్సు వయసు అంతకంటే చిన్నది. 1963లో అమెరికాలో మానసిక ఆరోగ్య కేంద్రాల చట్టం వచ్చింది. అంతవరకు పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి ఉంచేసిన రోగులకి వాళ్ళ ఊళ్ళలోనే వైద్యం, ఆసరా అందించాలన్నది దాని ఉద్దేశం. ఉద్దేశం బాగానే ఉంది, మనుషులేరీ? డాక్టర్లు చాలరు. పెద్ద డిగ్రీలున్న సోషల్ వర్కర్లూ చాలరు. రోగి ఇంటికి వెళ్ళి పలకరించేవాళ్ళు, ఏ ఆఫీసులో ఏ కాగితం పెట్టాలో చెప్పేవాళ్ళు, మందులు మానేశారేమో కనిపెట్టేవాళ్ళు కావాలి. అలాంటి వాళ్ళని తయారు చెయ్యడానికే 1960ల మధ్యలో రెండేళ్ళ కోర్సులు పుట్టాయి. తర్వాత్తర్వాత వృద్ధాశ్రమాలు, వికలాంగుల కేంద్రాలు, మత్తు మాన్పించే కేంద్రాలు, ఇల్లు లేని వాళ్ళ వసతులు, శరణార్థుల సంస్థలు, ఇలా ఎన్నో చోట్లకి ఆ చదువు పాకింది.

పాఠాలు ఏముంటాయంటే, మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం ఎలాగూ ఉంటాయి. అవి కాక ఎదుటి మనిషిని ఎలా ప్రశ్నించాలి, ఎలా వినాలి, కేసు ఎలా నడపాలి, వివరాలు ఎలా రాసిపెట్టాలి, నీతి నియమాలు ఏమిటి అన్నవి నేర్పుతారు. వీటన్నిటికీ మించి ఫీల్డ్ వర్క్ ఉంటుంది. ఒక సంస్థకి పంపించి, అనుభవమున్న వాళ్ళ కింద నిజమైన మనుషులతో పని చేయిస్తారు. ఈత గురించి పుస్తకం చదివితే సరిపోదు కదా, నీళ్ళలోకి దిగాలి.

మనకిది కొత్తా?

"ఇవన్నీ అమెరికా వాళ్ళ వేషాలక్కా" అన్నాడు మా తమ్ముడు. (అక్కా అని పిలిచాడు కాబట్టి తమ్ముడే!) అప్పుడు నేను రాజమండ్రి కథ ఎత్తాను.

1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మ గారి పేరు పెద్దలకి తెలుసు. పిల్లలు కూడా తెలుసుకోవాలి. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్ళిని కాదని బయటికొచ్చారు. ఇంకా పిల్లగా ఉండగానే ఆడపిల్లలకి హిందీ పాఠశాల నడిపారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ఆపిన పిల్ల ఆవిడే. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు. అక్కడ చదువూ చట్టమూ తెలియక శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్ళని చూశారు. చూసి ఏడ్చి ఊరుకోలేదు. బయటికొచ్చి ప్రైవేటుగా బనారస్ మెట్రిక్ పరీక్ష రాశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేశారు, మద్రాసులో లా చదివి 1942లో లాయరయ్యారు. అంటే ఆ తల్లికి జాలి ముందు కలిగింది, ఆ జాలికి తగిన చదువు తర్వాత సంపాదించుకున్నారు.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళని కూర్చోబెట్టి మెట్రిక్‌కి తయారు చేయడం దాని తొలి పనుల్లో ఒకటి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలయ్యారు. పల్లెల్లో పని చెయ్యడానికి గ్రామ సేవికలు, నర్సులు, దాయీలు, టీచర్లు కావాలి. కావలసిన చదువున్న ఆడవాళ్ళు పల్లెల్లో లేరు. పట్నం నుంచి వెళ్ళేవాళ్ళూ లేరు. అప్పుడేం చేశారు? 1958లో కండెన్స్‌డ్ కోర్సులు పెట్టించారు. ఏళ్ళ తరబడి సాగే స్కూలు చదువుని రెండేళ్ళకి కుదించి, వితంతువులకి, భర్త వదిలేసిన వాళ్ళకి, పేద ఇళ్ళ ఆడవాళ్ళకి చెప్పించి, పరీక్ష పాస్ చేయించి, శిక్షణకీ ఉద్యోగానికీ దారి చూపించడం వాటి పని.

చూశారా! రెండేళ్ళ చదువు, ఊళ్ళోనే, పెద్దయ్యాక కూడా చదవొచ్చు, ఆఖరున నలుగురికి పనికొచ్చే ఉద్యోగం. అమెరికాలో ఆ రెండేళ్ళ కోర్సులు పుట్టకముందే మన తెలుగమ్మాయి చేసి చూపించిన పనిది. పేరు వేరు, అంతే.

మా తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే అక్కా, మద్రాసు కథ సరే. మన బహ్రెయిన్‌లో దీని అవసరం ఏమిటి?" అన్నాడు.

మంచి మనసు చాలనప్పుడు

అప్పుడు నేను ఆసుపత్రిలో చూసిన సంగతి చెప్పాను. పేర్లు, ఊర్లు చెప్పను. ఎందుకు చెప్పనో చివరికి మీకే తెలుస్తుంది.

కొన్నేళ్ళ కిందట గోదావరి జిల్లా నుంచి ఇంటి పనికి వచ్చిన ఒకావిడ మెట్ల మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. తెలుగు తప్ప ఇంకో భాష రాదు. మాట సాయానికి నన్ను పిలిచారు. వెళ్ళేసరికి ఆవిడ నొప్పికంటే ఎక్కువగా దేనికో కుమిలిపోతోంది. సంగతేమిటంటే, మనవాళ్ళే ఒకరు పాపం మంచి మనసుతోనే ఆవిడ ఫోటో, పాస్‌పోర్టు పేజీ, కట్టుకట్టిన కాలు, అన్నీ వాట్సాప్‌లో పెట్టి సాయం చెయ్యమని నలుగురినీ అడిగారు. ఆ నలుగురు నలభై మందికి పంపారు. ఆవిడ ఇంటికి ఫోన్ చేసి చెప్పుకునే లోపల ఆ ఫోటో ఆవిడ ఊరు చేరిపోయింది. ఇంటి దగ్గర కూతురు పదో తరగతి పరీక్షలు రాస్తోంది. తల్లికి కాలే పోయిందని ఎవరో ఆ పిల్లతో అన్నారట.

ఆవిడ నాతో అన్న మాట ఇది: "సాయం చేశారండి, కాదన్ను. కానీ నన్నొక్క మాట అడగాల్సిందండి. మా పాపకి పరీక్షలండి."

ఫోటో పెట్టిన మనిషి చెడ్డవాడా? కానే కాదు. తన పని మానుకుని ఆసుపత్రికి వచ్చిన మనిషి. జేబులోంచి డబ్బు తీసి ఇచ్చిన మనిషి. ఆయనకి మనసుంది. లేనిదల్లా ఒక శిక్షణ. ఆ శిక్షణలో మొట్టమొదట నేర్పేదే, ఎదుటి మనిషి కష్టం ఎదుటి మనిషిదే అని. దాన్ని ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిదే. సాయం పుచ్చుకున్నంత మాత్రాన ఆ హక్కు మనకి రాసిచ్చినట్టు కాదు. పైగా పాస్‌పోర్టు నంబరు ఊరంతా తిరిగితే దాన్ని ఎవరెలా వాడుకుంటారో ఎవరికి తెలుసు? ఇక్కడ అనుమతి లేకుండా జనం దగ్గర చందాలు వసూలు చేయడానికి చట్టం ఒప్పుకోదు, అది వేరే సంగతి.

ఆ రోజు నేను చేసింది గొప్ప పనేమీ కాదు. చదువుకునేటప్పుడు నేర్పిన నాలుగు పనులు వరసగా చేశాను. ఒకటి, డాక్టరు అన్న మాట ఆవిడకీ, ఆవిడ అన్న మాట డాక్టరుకీ, నా సొంతం ఏమీ కలపకుండా చెప్పాను. రెండు, ఇంట్లో ఎవరికి చెప్పమంటారని అడిగాను. తల్లికి వద్దు, మరిదికి చెప్పమంది. మూడు, కాగితాలు. సీపీఆర్ కార్డు, వీసా, పని ఒప్పందం, ఆసుపత్రి చీటీలు ఏవి ఎవరి దగ్గరున్నాయో తేదీలతో సహా ఒక పేజీలో రాసి ఆవిడకే ఇచ్చాను. నాలుగు, నా వల్ల కానివి కావని చెప్పాను. "నెల జీతం నేను ఇప్పిస్తాను" అని మాటివ్వలేదు. ఎవరిని అడగాలో చెప్పి, అక్కడికి దారి చూపించాను.

ఆ దారులు ఇక్కడ ఉన్నాయి. భారత రాయబార కార్యాలయం బహిరంగ సమావేశాలు జరుపుతుంది. 1999లో మొదలైన ఇండియన్ కమ్యూనిటీ రిలీఫ్ ఫండ్ రాయబార కార్యాలయం ఆసరాతో కష్టాల్లో ఉన్న భారతీయులకి సాయపడుతోంది. 2006లో ఏర్పడిన కార్మిక మార్కెట్ నియంత్రణ సంస్థ, అదే మనం ఎల్.ఎం.ఆర్.ఏ. అంటామే, అక్కడా ఫిర్యాదులు తీసుకుంటారు. 2007 నుంచి ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం 12 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదన్న నియమం ఉంది. ఇవన్నీ ఉన్నాయని తెలియని వాళ్ళే మన కార్మికుల్లో చాలామంది. చెప్పేవాళ్ళు కావాలి. తెలుగులో చెప్పేవాళ్ళు కావాలి.

1932లో జబల్ దుఖాన్ దగ్గర మొదటి చమురు బావి పడింది. మా సఖీర్ నుంచి ఎంతో దూరం లేదు. అరేబియా వైపు గల్ఫ్‌లో అదే మొదటిది. బావి తవ్వడానికి ఇంజనీర్లు వచ్చారు, రావాలి కూడా. కానీ ఆ చమురు తెచ్చిన సంపదని నమ్ముకుని కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనుషుల సంగతి ఎవరు చూడాలి? యంత్రం చెడిపోతే శిక్షణ ఉన్నవాణ్ణే పిలుస్తాం. మనిషి కుంగిపోతే మాత్రం ఎవరు పడితే వాళ్ళు చాలనుకుంటాం. ఇదేం న్యాయం?

డబ్బు మాటేమిటి?

మా తమ్ముడు మొహమాటస్తుడు కాడు. "ఇదంతా బావుందక్కా. దాని బతుకు గడవాలి కదా?" అన్నాడు. తండ్రి అడగాల్సిన ప్రశ్నే. అందుకని తీపి కబుర్లు చెప్పలేదు. నేను చెప్పినవే మీ అందరికీ ఇక్కడ రాస్తున్నాను.

ఈ రంగంలో జీతాలు కంప్యూటర్ ఉద్యోగాలంత ఉండవు. రెండేళ్ళ డిగ్రీతో దొరికేవి సహాయకుల ఉద్యోగాలే. అసోసియేట్ డిగ్రీతో లైసెన్సు ఉన్న సోషల్ వర్కర్ అయిపోరు. దానికి గుర్తింపున్న కాలేజీలో సోషల్ వర్క్ బ్యాచిలర్ డిగ్రీ, కౌన్సెలింగ్ లాంటి పెద్ద పనులకి మాస్టర్స్ కావాలి. కాబట్టి కమ్యూనిటీ కాలేజీని ఆఖరి మెట్టు అనుకోకూడదు, మొదటి మెట్టు అనుకోవాలి. మెట్టు ఎక్కేముందు పై మెట్టు ఉందో లేదో చూసుకోవాలి. అంటే, ఈ కాలేజీ క్రెడిట్లని ఏ ఏ నాలుగేళ్ళ కాలేజీలు తీసుకుంటాయో, వాటి మధ్య రాతపూర్వకమైన ఒప్పందం ఉందో లేదో చేరకముందే కనుక్కోవాలి. హ్యూమన్ సర్వీసెస్‌లో చదివిన పాఠాలన్నీ సోషల్ వర్క్ డిగ్రీలో కలవకపోవచ్చు.

ఇక వీసా. విద్యార్థి వీసా మీద వెళ్ళిన పిల్లలకి ఫీజు స్థానికుల కంటే బాగా ఎక్కువ. చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చెయ్యడానికి లేదు. ఫీల్డ్ వర్క్‌కి వీసా నియమాలు ఎలా వర్తిస్తాయో కాలేజీలోని విదేశీ విద్యార్థుల ఆఫీసుని ముందే అడగాలి. మేనమామ ఉన్నాడు కదా అని లెక్కల్లో ఆయన జీతం కలపకూడదు!

మీ అక్కచెల్లెళ్ళో కూతుళ్ళో అమెరికాలో హెచ్-4 వీసా మీద ఉంటే వాళ్ళకీ ఈ మాట చెప్పండి. ఆ వీసా మీద చదువుకోవచ్చు. పని చెయ్యడం మాత్రం 2015లో వచ్చిన నియమం ప్రకారం కొందరికే, అదీ అనుమతి తీసుకున్నాకే. ఇంట్లో ఒంటరిగా కూర్చుని దిగులుపడే కంటే దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఒక్క పాఠం తీసుకున్నా మనసు తెరిపిన పడుతుంది. అక్కడా ఇలాంటి చదువుకి పని తక్కువేం లేదు. ఇంట్లో హింసకి గురయ్యే దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం 1985లో న్యూజెర్సీలో మానవి అనే సంస్థ, 1991లో కాలిఫోర్నియాలో మైత్రి మొదలయ్యాయి. అలాంటి చోట ఫోన్ ఎత్తిన మనిషి తెలుగులో "చెప్పమ్మా" అంటే అవతలి గొంతుకి ఎంత ధైర్యమో ఆలోచించండి.

అమెరికాయే వెళ్ళాలని లేదు కూడా. మన దేశంలో ఈ చదువుకి పెద్ద చరిత్రే ఉంది. 1936లో బొంబాయిలో టాటా వాళ్ళ సోషల్ వర్క్ స్కూలు మొదలైంది. ఇప్పటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అదే. దానికి హైదరాబాద్‌లోనూ ఒక ప్రాంగణం ఉంది. హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కళాశాల, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం సోషల్ వర్క్ చెబుతున్నాయి. కమ్యూనిటీ కాలేజీలు కూడా మనకి కొత్త కాదు. 1995లో పాండిచ్చేరిలో మొదలై, తర్వాత యు.జి.సి. పథకంతో చాలా రాష్ట్రాలకి వచ్చాయి. ఇల్లు కదల్లేని వాళ్ళకి ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో బి.ఎస్.డబ్ల్యు., ఎం.ఎస్.డబ్ల్యు. ఇస్తోంది. బి.ఎస్.డబ్ల్యు.లో చేరడానికి ఇంటర్ పాసైతే చాలు. ఫీల్డ్ వర్క్ మాత్రం తప్పనిసరి, పోస్టులో వచ్చేది కాదు. గల్ఫ్‌లో ఉండి అది ఎక్కడ, ఎవరి కింద చెయ్యాలో చేరేముందు రాసి అడగండి.

వంటింట్లోంచి ఒక ప్రశ్న

ఈ మాటలన్నీ ఫోన్‌లో అయ్యేవి కావని ఒక శుక్రవారం వాళ్ళింటికే వెళ్ళాను. తండ్రి ఒక కాగితం మీద ప్రశ్నలు రాసుకుని కూర్చున్నాడు. అమ్మాయి ఇంకో కాగితం పట్టుకొచ్చింది. నేను ఆ పిల్లని ఒక్కటే అడిగాను.

"ఎందుకమ్మా ఈ చదువు?"

పెద్ద ఉపన్యాసం ఇస్తుందేమో అనుకున్నాను. ఇవ్వలేదు. "ఆంటీ, మా బస్ డ్రైవర్ అంకుల్‌కి తెలుగు ఉత్తరాలు చదివి పెట్టేదాన్ని. ఆయనకి చదవడం రాదు. ఒక రోజు ఉత్తరంలో చెడ్డ వార్త ఉంది. చదవాలో వద్దో, ఎలా చదవాలో నాకు తెలియలేదు. అది ఎవరైనా నేర్పుతారా అని వెతికితే ఈ కోర్సు కనిపించింది" అంది.

తండ్రి తలెత్తి కూతుర్ని చూశాడు. ఈ సంగతి ఆయనకి ఇప్పటిదాకా తెలియదు.

వంటింట్లోంచి టీ తెచ్చిన వాళ్ళమ్మ కప్పులు పెట్టి వెళ్ళిపోలేదు, అక్కడే నిలబడింది. "వదినా, ఇంటర్ పాసైతే చాలన్నారే, అది ఏ ఏడాది పాసైనా పరవాలేదా?" అని అడిగింది. ఇంటర్ అయిన నెలకే పెళ్ళయి గల్ఫ్ వచ్చేసిన మనిషి. ఇరవయ్యేళ్ళుగా ఆ మార్కుల కాగితం బీరువాలో చీరల కింద దాచుకుందట. పరవాలేదన్నాను. మా తమ్ముడు కాగితం మీద ఇంకో ప్రశ్న చేర్చాడు.

ఏం తేలిందంటారా? అంతా ఇంకా తేలలేదు. ఆయనే స్వయంగా మూడు కాలేజీలకి ఉత్తరాలు రాశాడు, హైదరాబాద్‌లో ఒకదానికి కూడా. జవాబులు వచ్చేదాకా అమ్మాయి అనుమతి ఉన్న ఒక సంస్థలో వారానికి రెండు రోజులు పని నేర్చుకుంటానంది. దానికి తండ్రి సరేనన్నాడు. ఆరు నెలలు పోయాక కూడా ఇదే చదువు కావాలంటే డబ్బు సంగతి తను చూసుకుంటానన్నాడు. ఒక తండ్రి నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

పిల్లలూ, మీకో మాట

మీలో ఎంతమందికి ఇలాంటి చదువు మీద ఇష్టం ఉందో నాకు తెలియదు. ఉంటే సంతోషం. లేకపోయినా ఫరవాలేదు, ఇంజనీర్లూ డాక్టర్లూ కూడా కావాలి కదా! కానీ ఈ చదువు చదవకపోయినా దాని మొదటి పాఠాలు అందరికీ పనికొస్తాయి. ఈ మూడూ ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

ఎవరైనా బాధ చెప్పుకుంటుంటే మధ్యలో మాట్లాడకండి. "నాకూ ఒకసారి ఇలాగే అయ్యింది" అని మీ కథ ఎత్తకండి. వాళ్ళు ఆగిపోతే కాసేపు మీరూ ఆగండి.

సాయం చేసే ముందు ఏం కావాలో అడగండి. మనం ఇవ్వదలుచుకున్నది వేరు, వాళ్ళకి కావలసింది వేరు.

ఒకరి కష్టాన్ని ఇంకొకరికి చెప్పే ముందు, ఫోటో తీసే ముందు, ఎవరికైనా పంపే ముందు, ఆ మనిషి ఒప్పుకున్నారా అని చూసుకోండి. ఒక్క సంగతిలో మాత్రం గుట్టు దాచకూడదు. ఎవరి ప్రాణానికైనా ప్రమాదం ఉందనిపిస్తే, ఎవరైనా మిమ్మల్నో మీ స్నేహితుల్నో బాధపెడుతుంటే, నమ్మకమైన పెద్దవాళ్ళకి వెంటనే చెప్పండి.

పెద్దలకి నా మనవి ఒక్కటే. మన ఇళ్ళలో ఏ పిల్లో పిల్లవాడో ఇలాంటి చదువు చదువుతానంటే, వెంటనే కాదనకండి, వెంటనే ఔననకండి. ఎందుకని అడగండి. జవాబు చెప్పేదాకా వినండి. బహుశా వాళ్ళ గురించి మనకి తెలియని సంగతి ఒకటి అప్పుడే బయటపడుతుందేమో!

ఇంటర్ కాగితాలు బీరువాల్లో దాచుకున్న అక్కచెల్లెళ్ళు ఇంకెవరైనా ఉంటే నాకు రాయండి. వచ్చే సంచికలో దూరవిద్యలో చేరడానికి ఏ కాగితాలు కావాలో, వాటి మీద ఎక్కడ సంతకాలు చేయించాలో వివరంగా చెప్పుకుందాం.

అంతవరకు సెలవు.